అద్దం బండలో వంకర గుంట

అక్కడ కూర్చోకు, ఆ చాప కింద నేల చెమ్మగా ఉంది. ఇటు రా, సమోవర్ పక్కన కూర్చో, నీకూ వెచ్చగా ఉంటుంది, నాకూ నీ మాట వినబడుతుంది. ఈ ఎడమ చెవి పోయి నాలుగేళ్ళయింది. ఏమన్నావు, గుంటా? ఓ, దానికోసమా వచ్చావు. చేతిలో ఆ పుస్తకం చూసి జనాభా లెక్కలకి వచ్చిన పిల్లవేమో అనుకున్నా. నెగీన్ కదూ నీ పేరు, బయట నీ స్నేహితురాలు పిలుస్తుంటే విన్నాను. ఆ రాయెక్కే సంఘం పిల్లవి. నిన్ను రోజూ కిటికీలోంచి చూస్తూనే ఉంటాను. వీపు మీద ఇంతింత పరుపులు మోసుకొస్తారు, వీళ్ళు ఎక్కడానికొస్తున్నారా పడుకోడానికొస్తున్నారా అని నవ్వుకుంటాను. టీ పోసుకో. చక్కెర పలుకు ఆ డబ్బాలో. సరే, నువ్వు చెప్పింది మళ్ళీ నేను చెప్తాను, సరిగ్గా విన్నానో లేదో చూడు. వచ్చే శుక్రవారం అద్దం బండలో ఉన్న గుంటని రాతిపొడీ జిగురూ కలిపి పూడ్చేస్తారు. పూడ్చి, మీరు అచ్చు వేయించే పుస్తకంలో, ఫలానా ఏడు నేమత్ అనే తివాచీలు ఉతికేవాడు ఉలితో రాయిని పాడుచేశాడు అని రాస్తారు. పైగా అది చేతకానివాడి పని, వంకరగా ఉంది, కాలు పెడితే మనిషిని పక్కకి తోసేస్తుంది. అంతేనా? ఊ. నేమత్ కాదమ్మా. ఎవరో నాకు తెలుసు. బతికున్నవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు. చెప్తాను, కానీ నా పద్ధతిలో చెప్తాను, మధ్యలో గడియారం చూడకు.

ముందు నీ పుస్తకంలో ఆ రాయిని మొట్టమొదట ఎక్కింది ఎవరని రాశావో చెప్పు. టెహ్రాన్ నుంచి వచ్చిన కాలేజీ కుర్రాళ్ళా. బాగుంది. ఆ కుర్రాళ్ళ తాతలు పుట్టకముందునించీ మావాళ్ళు ఎక్కుతున్నారు దాన్ని. ఉత్తి చేతుల్తో కాదు, తడి తివాచీ భుజానేసుకుని. తడిసిన తివాచీ ఎప్పుడైనా ఎత్తావా నువ్వు? పొడిగా ఉన్నప్పుడు పిల్లాడిలా ఉంటుంది, తడిసిందంటే శవంలా ఉంటుంది, ఎటు జారితే అటు లాక్కుపోతుంది. కెర్మాన్ ఊళ్ళో సగం ఇళ్ళ తివాచీలు మా రాయి మీదే ఆరేవి. కింద కనాతు కాలవ, నేలలో తవ్విన సొరంగం గుండా కొండ లోపల్నించి చల్లటి నీళ్ళొచ్చేవి, ఇప్పుడు మీరు మోటార్ సైకిళ్ళు పెడుతున్న చోటే. అక్కడ నానేసి, సబ్బు వేరుతో తొక్కి, చెక్క పారతో నీళ్ళు పిండి, రాయి మీదికి ఎక్కించేవాళ్ళం. ఒక్కో కుటుంబానికి ఒక్కో బండ. ఒంటె మూపు అని ఒకటి, పెళ్ళికూతురి ఒడి అని ఒకటి, మాది అద్దం. అది దక్షిణం చూస్తుంది, పొద్దున్నించి సాయంత్రందాకా ఎండ దాని మీదే, తివాచీ ఒక్కరోజులో ఆరిపోయేది. మిగతా బండల మీద మూడు రోజులు. మూడు రోజులు ఆరిన ఉన్ని వాసన కొడుతుంది, వాసన కొడితే బజారు వాళ్ళు మళ్ళీ పంపరు. అందుకని అద్దం మీద అందరి కళ్ళూ ఉండేవి. కానీ అద్దం ఎక్కడం కష్టం. అడుగున మనిషిన్నర ఎత్తు నున్నటి గోడ, ఆ పైన వాలు. నీకు తెలుసులే, రోజూ వెల్లకిలా పడుతూనే ఉంటావుగా.

మా దగ్గర నిచ్చెన వాడేవాళ్ళం కాదు. నిచ్చెన లేకా, ఇంట్లో ఉండేది, రాయికి ఆనించకూడదని కట్టుబాటు. నిచ్చెనుంటే ఎవడైనా ఎక్కుతాడు, ఎవడైనా పరుస్తాడు, రోజూ తగువులే. ఎవరు తమ కాళ్ళతో చేతుల్తో, తడి తివాచీ భుజాన వేసుకుని ఎక్కి పరవగలరో ఆ బండ వాళ్ళది. ఎక్కలేని రోజున ఇంకొకళ్ళది. కాగితాల్లేవు, సంతకాల్లేవు, కల్ సఫర్ మాటే కాగితం. కల్ సఫర్ అంటే మా ఉతికేవాళ్ళకి పెద్ద, కర్బలా వెళ్ళొచ్చినవాడు, గడ్డం బొడ్డుదాకా. మాట్లాడితే ఇలా ముక్కుతో మాట్లాడేవాడు, "కట్టుబాటు కట్టుబాటేనమ్మా" అని. ఆయన తమ్ముడి కొడుకే ఈ నేమత్. పొట్టివాడు, నా అంతే ఉండేవాడు. వాడి సంగతి తర్వాత.

ఇక ఆయన సంగతి. మీ సంఘం గదిలో గోడ మీద ఫోటో ఉందంటావు కదా, మీసాలు, తలపాగాలా చుట్టుకున్న తువ్వాలు. అదే, ఉస్తా హెష్మత్, చేతిపనిలో గురువుని ఉస్తా అనేవాళ్ళం. ఫోటో కింద ఏం రాశారు? మళ్ళీ చదువు. "రాయికి ఇనుము తగలకూడదు." అవును, ఆయన మాటే. కంచరి పని ఆయనది, రాగి బజారులో మూడో కొట్టు, గిన్నెలు, పళ్ళేలు, సమోవర్లు. ఇదిగో, ఈ పళ్ళెం ఆయన కొట్టిందే, తిప్పి చూడు, సుత్తి దెబ్బలు ఒకదాని పక్కన ఒకటి ఎంత సమంగా ఉన్నాయో. సాయంత్రం కొట్టు కట్టేసి, శుక్రవారమైతే పొద్దున్నే, ముగ్గురు నలుగురు స్నేహితుల్ని వెంటేసుకుని వచ్చేవాడు. మొదట్లో మా వాళ్ళు పడీ పడీ నవ్వేవాళ్ళు. జూపార్ కొండ అక్కడ మబ్బుల్లో ఉంటే, దాన్ని వదిలేసి, వీళ్ళు మూడు నిలువుల రాయి కింద చేరి ఒకడి తర్వాత ఒకడు దూకడం, పడడం, దుమ్ము దులుపుకోడం. మా ఆయన యదొల్లా ఒకసారి అడిగాడు, "ఉస్తా, పైకెళ్ళాలంటే వెనకనించి మేకల దారుందిగా, ఈ పాట్లెందుకు" అని. "పైన నాకేం పని లేదు యదొల్లా, ఎక్కడంలోనే పని" అన్నాడు. మా ఆయన ఇంటికొచ్చి, పాపం కంచరివాడికి రాగి పొగ తలకెక్కింది అన్నాడు.

తగువులు కూడా అయ్యాయి. అవునమ్మా, పెద్ద తగువులే. మా సబ్బు నీళ్ళు రాయి మీద పడితే వాళ్ళకి జారేది, వాళ్ళు ఎక్కితే వాళ్ళ చెప్పుల మట్టి మా తివాచీల మీద పడేది. అదొక ఎత్తు, పిండి గొడవ ఒక ఎత్తు. ఆ రోజుల్లో మీలా తెల్లపొడి సంచులెక్కడివి. చేతులకి చెమట పట్టకుండా వీళ్ళు గోధుమపిండి పులుముకునేవాళ్ళు. మా అత్త చూసింది ఒకరోజు. చూసి, కాలవలోంచి చెక్క పారతో సహా లేచొచ్చింది. "రొట్టె అయ్యే పిండిని కాళ్ళ కిందేసి తొక్కుతారట్రా, మీకు తల్లులు లేరా, మీ చేతులు పడిపోను" అని. అది చాలదన్నట్టు ఆ పిండి కింద ఆరేసిన ఒక హాజీ గారి తివాచీ మీద పడి, తడికి ముద్దయి, ఎండకి గట్టిపడి, అట్లు పోసినట్టు అతుక్కుపోయింది. మేం రెండు రోజులు గోకాం. ఉస్తా మర్నాడు ఒక రాగి గిన్నె పట్టుకుని వచ్చి మా అత్త ముందు పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు. మా అత్త గిన్నె వాయించి చూసి, "కళాయి బాగానే పెట్టావు, ఇక పిండి తేకు" అంది. అప్పట్నించి బళ్ళో పంతుళ్ళని అడిగి సుద్దముక్కలు తెచ్చి దంచుకునేవాళ్ళు. అప్పుడే సంధి కుదిరింది. వాళ్ళు బరువైన తివాచీలు మాకు పైకి అందించాలి, మేం వాళ్ళకి పడడానికి మా పాత నమదు ఇవ్వాలి, అదే, ఉన్ని తొక్కి చేస్తారే మందంగా, అది. మీ పరుపులకి అమ్మమ్మ అది. దాని మీద పడి ఒక్కడి కాలూ విరగలేదు. రాసుకున్నావా? ఆ నమదు మా అత్త పుట్టింటిది, అది కూడా రాసుకో.

ఇనుము మాట ఎప్పుడన్నాడో చెప్తా. ఒకసారి టెహ్రాన్ వాడొకడు వచ్చాడు, నడుముకి గంటల్లా మేకులు వేలాడదీసుకుని, చేతిలో సుత్తి. పెళ్ళికూతురి ఒడి మీద ఒక మేకు టంగు టంగుమని దిగ్గొట్టాడు. ఉస్తా నెమ్మదిగా వెళ్ళి వాడి చేతిలోంచి సుత్తి తీసుకుని, ఒకసారి బరువు చూసి, "మంచి సుత్తి" అని కనాతులో పడేశాడు. వాడు అరిచాడు. ఈయన అరవలేదు. "బాబూ, నేను పొద్దున్నుంచీ సాయంత్రందాకా ఇనుముతోనే బతుకుతాను. ఇనుము పట్టుకుంటే ఏ రాయైనా లొంగుతుంది. లొంగిపోయిన రాయిని ఎక్కి ఏం చూసుకుంటావు" అన్నాడు. ఆ తర్వాత వాళ్ళ ముఠా అంతా కూచుని కట్టుబాటు పెట్టుకున్నారు, రాయికి ఇనుము తగిలించినవాడు మళ్ళీ జన్మలో ఈ రాయి ఎక్కకూడదు, ఎవడైనా సరే. ఇది గుర్తుపెట్టుకో. ఎవడైనా సరే.

మా ఆయన పోయింది ఆ మరుసటేడు. మూత్రపిండాలు. రోజంతా చల్లటి నీళ్ళలో నిలబడే పని, చాలామంది అలాగే పోయారు మాలో. పదకొండు రోజులు మూలిగాడు, పన్నెండో రోజు లేడు. నాకు ఇరవయ్యారు. ఫఖ్రీకి ఏడేళ్ళు, చిన్నది ఇంకా పాలు కూడా మానలేదు. ఏడవలేదా అంటావా, ఏడ్చాను, కానీ తివాచీలు నీళ్ళలో ఉన్నాయి, ఎక్కువసేపు నానితే రంగు దిగుతుంది. నలభయ్యో రోజు అయ్యాక కల్ సఫర్ వచ్చాడు, ఆ గుమ్మంలోనే నిలబడ్డాడు. ముక్కుతో, "కౌకబ్ ఖానుమ్, దేవుడు అతన్ని చల్లగా చూడాలి. కట్టుబాటు కట్టుబాటే. ఈ నెల ఆఖరి శుక్రవారం నువ్వుగానీ, నీ రక్తసంబంధీకుడుగానీ తడి తివాచీతో అద్దం ఎక్కి పరవాలి. పరిచారా, అద్దం నీది, ఎవడైనా నోరెత్తితే నేనున్నాను. లేదా, తర్వాత వంతు నేమత్‌ది" అన్నాడు. చెడ్డవాడు కాదమ్మా. కట్టుబాటు తప్పిస్తే రేపు ఆయన మాట ఎవరు వింటారు. నాకు అన్నదమ్ముల్లేరు. అద్దం పోతే నేను ఇంకొకళ్ళ తివాచీలు తొక్కి, వాళ్ళు పడేసిన రొట్టె తినాలి, నా కూతుళ్ళు కూడా అదే కాలవలో దిగాలి. లెక్క అంతే.

మర్నాడే ఉస్తా దగ్గరికి వెళ్ళాను. కొట్లో పళ్ళెం కొడుతున్నాడు, ఆ చప్పుడులో చెప్పాను, రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. "నన్ను అద్దం ఎక్కించు" అన్నాను. సుత్తి ఆపాడు. "ఎక్కించడం కుదరదు చెల్లెమ్మా, ఎక్కడం నేర్పగలను" అన్నాడు. అదే ఆయనతో వచ్చిన చిక్కు, మాట తూకం వేసి మాట్లాడతాడు.

మధ్యాహ్నం అందరూ తిని పడుకునే వేళకి వెళ్ళేవాళ్ళం, రాయి కాలిపోతూ ఉండేది. ఫఖ్రీని వెంట తీసుకెళ్ళేదాన్ని, నలుగురి నోళ్ళున్నాయి కదా. చంటిది మా అత్త దగ్గర. పైన కప్పుకునే చాదర్ నడుముకి బిగించి కట్టి, కాళ్ళకి ఏమీ లేకుండా. ఆయన దగ్గర ఒక దానిమ్మ కర్ర ఉండేది. ఎక్కడ చెయ్యి పెట్టాలో, ఎక్కడ కాలు పెట్టాలో ఆ కర్రతో రాయిని ముట్టి చూపించేవాడు. నన్ను ఒక్కసారీ ముట్టలేదు, పడినప్పుడు కూడా. పడితే నమదు ఉంది, లేచేదాన్ని. "చేతుల్తో లాగకు, నువ్వు బావిలోంచి చేద తోడట్లేదు. కాళ్ళ మీద లేచి నిలబడు, చేతులు ఊరికే తలుపు గొళ్ళేల్లా ఉంటే చాలు" అనేవాడు. నేను తిట్టేదాన్ని. "నీకేం, కొంగలా కాళ్ళున్నాయి" అని. "నీ భర్తకి ఉండేవి. నాకు లేవు. నేను కూడా నేర్చుకునే ఎక్కాను" అనేవాడు. ఫఖ్రీ కింద కూచుని లెక్కపెట్టేది, అమ్మ ఇవాళ పదిహేడుసార్లు పడింది అని, ఇంటికెళ్ళి నానమ్మకి చెప్పేది. ఇరవై రోజులకి వట్టి చేతుల్తో ఎక్కేశాను. పైన నిలబడి చూస్తే, ఏమో, ఊరంతా ఎండలో ఆరేసినట్టుంది. అది చాల్లే. అసలు చిక్కు తివాచీతో.

ఆ చోటు నీకు తెలుసు. కుడి చెయ్యి చీలికలో, ఎడమ చెయ్యి బొటనవేలంత మొనని పట్టుకుంటుంది, అక్కణ్ణించి ఎడమ కాలు పైన సన్నటి అంచు మీద పెట్టాలి. మా ఆయనకి ఆ అంచు నడుము దగ్గరికి వచ్చేది. నాకు గుండెల దగ్గరికి. ఖాళీగా అయితే చిన్న గెంతు వేసి పెట్టేదాన్ని. భుజం మీద తడి తివాచీ ఉంటే ఎలా గెంతుతావు? గెంతడం నువ్వు మొదలెడితే పూర్తిచేయడం తివాచీ చేస్తుంది, కిందికి. ఎన్నిసార్లు పడ్డానో ఫఖ్రీకి కూడా లెక్క తప్పింది. మోకాళ్ళు చిట్లిపోయాయి. ఆఖరి శుక్రవారం ఇంకా నాలుగు రోజులుందనగా నేను నమదు మీద కూచుని, "ఉస్తా, దేవుడు నా కాళ్ళు పొట్టిగా ఇచ్చాడు, దీనికి నువ్వేం చేస్తావులే, వదిలెయ్" అన్నాను. ఆయన చాలాసేపు ఆ రాయినే చూశాడు. ఎక్కేవాడు చూసినట్టు కాదు, పని చేసేవాడు చూసినట్టు చూశాడు, పళ్ళెం మీద మొదటి దెబ్బ ఎక్కడ వేయాలా అని. తర్వాత ఒక మాటడిగాడు. "తివాచీ ఏ భుజాన వేస్తావు?" "కుడి" అన్నాను. "ఎప్పుడూ కుడేనా?" "ఎడమ భుజం మీద పిల్లని మోస్తాను కదా" అన్నాను. "సరే. ఈ మూడు రోజులూ రావద్దు. శుక్రవారం నేరుగా రా. ఆ చోటికి వచ్చినప్పుడు కాలు పైకి చాపకు. నీ మోకాలి ఎత్తున, ఎడం పక్క, బొటనవేలితో వెతుక్కో" అన్నాడు. అక్కడ ఏముంది, నున్నటి గోడ. ఎండదెబ్బ తగిలిందేమో పాపం అనుకున్నాను.

శుక్రవారం పొద్దున్న కాలవ దగ్గర తిరనాళ్ళలా ఉంది. ఉతికేవాళ్ళందరూ వచ్చారు, వాళ్ళ పెళ్ళాలూ వచ్చారు. నేమత్ కొత్త చొక్కా వేసుకొచ్చాడు, అప్పటికే అద్దం వాడిదైనట్టు. నాకేసి చూసి, "వదినా, నడుము విరగ్గొట్టుకోకు, కావాలంటే మా తివాచీలు తొక్కే పని ఇస్తాలే" అన్నాడు. నా అఫ్షారీ తివాచీ, నా పుట్టింటిది, చిన్నదే, నీళ్ళలోంచి తీసి కుడి భుజాన వేసుకున్నాను. నీళ్ళు వీపు మీదుగా మడమలదాకా కారుతున్నాయి. చీలిక పట్టుకున్నాను. మొన పట్టుకున్నాను. ఆ చోటు వచ్చింది. కింద మా అత్త ఏదో ప్రార్థన చదువుకుంటోంది. తివాచీ అప్పుడే కుడివైపుకి లాగడం మొదలెట్టింది. సరే, పడితే పడ్డాను అనుకుని ఎడమ కాలు బొటనవేలితో తడిమాను. మెత్తగా తగిలింది. రాయి మెత్తగా ఉండడమేంటి. నొక్కాను. మట్టి. బంకమట్టి, రాయి రంగులోనే కలిపి మెత్తారు. వేలు లోపలికి పోయింది, వేలి వెనక పాదం పోయింది, కాలికి చెప్పు తొడిగినట్టు సరిపోయింది. తివాచీ కుడివైపుకి లాగుతోంది, ఆ గుంట ఎడమవైపుకి తోస్తోంది, నేను మధ్యలో నిలువుగా, గుమ్మంలో నిలబడ్డట్టు నిలబడ్డాను. ఇక లేవడమే. లేచాను. వాలు మీదికి పాక్కుంటూ వెళ్ళి తివాచీ పరిచాను, మూలలు కూడా సరిచేశాను, మడత ఉంటే కల్ సఫర్ ఒప్పుకోడు.

పైనించి కిందికి చూశాను. అందరూ నన్ను చూస్తున్నారు, ఉస్తా మాత్రం నేల చూస్తున్నాడు. ఆయన తెల్ల చొక్కా కుడి భుజం మీద ఇంత ఎర్రమరక. రంగు దిగిన తివాచీ మరక, నేను ఉతికేదాన్ని, నాకు తెలియదా. ఎవరిదో నాసిరకం తివాచీ తడిపి భుజానేసుకుని, తన మోకాళ్ళు వంచుకుని, నా అంత పొట్టిగా అయి, ఎన్నిసార్లు ఎక్కి చూశాడో ఆ మూడు రోజులు. అప్పుడు అర్థమైంది నాకు, ఏ భుజం అని ఎందుకు అడిగాడో. కల్ సఫర్ గడ్డం దువ్వుకుని, "కట్టుబాటు కట్టుబాటే. అద్దం కౌకబ్ ఖానుమ్‌ది" అన్నాడు. నేమత్ కొత్త చొక్కా నలగకుండా వెళ్ళిపోయాడు.

అర్థమైందా తల్లీ. నీ మొహం చూస్తే అర్థమైనట్టే ఉంది. ఉండు, ఇంకా అవలేదు. కలం కింద పెట్టు కాసేపు.

మర్నాడు పళ్ళెం నిండా కొలొంపె రొట్టెలు చేసి, లోపల ఖర్జూరాలు ఎక్కువ కూరి, కొట్టుకి పట్టుకెళ్ళాను. "ఉస్తా, రాయికి ఇనుము తగిలింది కదా" అన్నాను. "తగిలింది" అన్నాడు. "మరి?" అన్నాను. ఒక కొలొంపె తీసుకుని నమిలాడు. "రాయి ఏమీ అనలేదు" అన్నాడు. నేను కృతజ్ఞతలు చెప్పబోయాను, నోట్లో మాట నోట్లోనే ఉండగా, "చెల్లెమ్మా, ఇది బయటపడితే చెక్కిన మెట్టు మీద ఎక్కావని అద్దం లాగేసుకుంటారు. నువ్వు నోరు విప్పినా పోతుంది, నేను విప్పినా పోతుంది. కాబట్టి టీ తాగి వెళ్ళు" అన్నాడు. తాగి వచ్చేశాను. అంతే. ఆ తర్వాత కూడా చెప్పలేదు. ఎప్పుడు చెప్పబోయినా టీ పోసేవాడు.

శీతాకాలం వానలకి మట్టి కరిగి గుంట బయటపడింది. ఆయన ముఠా చూసింది. ఇక చూడు, తమ్ముడు చచ్చినట్టు ఏడ్చారు. ఎవడు చేశాడు, ఎవడు చేశాడు. నేమత్ మీద పడింది అనుమానం, పొట్టివాడు కదా, అద్దం మీద ఆశపడ్డాడు కదా, తన కాలికోసం చెక్కుకుని ఉంటాడని. వాడేమన్నాడో తెలుసా, "అవును నేనే, అయితే ఏంటి" అన్నాడు. అబద్ధం. ఆడదాని చేతిలో ఓడిపోయాడన్న పేరు కంటే రాయిని గెలిచాడన్న పేరు బాగుందనిపించింది వాడికి. చచ్చేదాకా చెప్పుకు తిరిగాడు. కల్ సఫర్ మాత్రం వాడి మాట నమ్మలేదు, "నీకు ఉలి ఎటు పట్టుకోవాలో తెలుసట్రా" అని నవ్వి వదిలేశాడు. ఆ ముసలాయనకి అసలు సంగతి తెలుసేమో కూడా. అడగలేదు నేను.

ఉస్తా ఏం చేశాడో మీ గోడ మీద ఉందన్నావు. చదువు మళ్ళీ. "రాయికి జరిగిన అన్యాయానికి నొచ్చుకుని పెద్దరికం వదిలేసి, ఆ తర్వాత ఈ రాయిని మళ్ళీ ఎక్కని మహానుభావుడు." ఊ. నొచ్చుకుని కాదమ్మా. రాయికి ఇనుము తగిలించినవాడు మళ్ళీ ఎక్కకూడదు, ఎవడైనా సరే. ఆయన పెట్టిన కట్టుబాటే. ఆయనే తన మీద వేసుకున్నాడు, ఎవరికీ చెప్పకుండా. ముఠా పెద్దగా తన దగ్గరుండే తాళ్ళ పెట్టె తాళంచెవి వాళ్ళకి ఇచ్చేశాడు. పదమూడేళ్ళు, ప్రతి శుక్రవారం వచ్చాడు. నమదు పక్కన కూచుని పొయ్యి రాజేసి టీ కాచేవాడు, దానిమ్మ కర్రతో పట్లు చూపించేవాడు, ఎవరైనా కష్టమైన చోటు దాటితే ఈయన చేతులు ఒళ్ళో వాటంతట అవే కదిలేవి. చూసేదాన్ని నేను, పైన అద్దం మీద తివాచీ మూలలు సరిచేస్తూ. రోజూ ఆ గుంటలో కాలు పెట్టి ఎక్కేదాన్ని, రోజూ ఆయన కిందనించి చూసేవాడు, ఇద్దరం ఏమీ అనుకునేవాళ్ళం కాదు. ఆ పదమూడేళ్ళలో ఫఖ్రీ చదివి నర్సయింది, చిన్నది బళ్ళో చదువుకుంది, పెద్దయ్యాక పంతులమ్మయింది. ఒక్కతీ కాలవలో దిగలేదు. పదమూడో ఏట ఉస్తా యజ్ద్ రోడ్డు మీద బస్సు పల్టీ కొట్టి పోయాడు, రాగి రేకులు కొనడానికి వెళ్తూ. ఆ ఏడే కనాతు కూడా ఎండిపోయింది. సరే, అది వేరే సంగతి.

ఏంటి, ఎందుకలా కూచున్నావు. ఫోటో తీసెయ్యాలా అనా? మీ సంఘం మీ ఇష్టం. నన్నడిగితే ఇప్పుడు పెట్టాలి ఫోటో, ఇన్నాళ్ళూ వేరెవరిదో పెట్టుకున్నారు. నేనెందుకు ఇన్నేళ్ళూ చెప్పలేదంటావా. అద్దం నాదిగా ఉన్నంతకాలం చెప్పకూడదు. తర్వాత ఎవరూ అడగలేదు. నువ్వే మొదట అడిగావు. గుంట పూడుస్తారా, పూడ్చండి, నాకు ఇప్పుడు ఈ గుమ్మం దాటడానికే కర్ర కావాలి. నేమత్ పేరు మాత్రం కొట్టెయ్, నా ఎదురుగా కొట్టెయ్. ఆ. ఇంకో గీత పెట్టు.

ఇక వంకర మాట. చేతకానివాడు చెక్కాడని రాశావు కదా. ఆ మూల చుట్టి పెట్టి ఉంది చూడు, నా మంచం కింద, అదే, అఫ్షారీది. లాగు. దుమ్ము దులపకు, ఎలాగూ తడుపుతావు. పట్టుకెళ్ళి బాగా తడిపి, కుడి భుజాన వేసుకుని, చెప్పులిప్పి ఒక్కసారి ఎక్కిరా. వంకరో తిన్ననో అప్పుడొచ్చి చెప్పు, నేనిక్కడే ఉంటాను. కుళాయి పెరట్లో ఉంది. నెమ్మదిగా తిప్పు, అది ఊడి చేతికొస్తుంది.